ముందు ఏం కనబడుతోందో చెప్పు

ఆ రోజు పొద్దున గేటు దగ్గర హారను మోగలేదు.

రోజూ అయితే పాలు పొంగుకొచ్చే వేళకి రెండు పొట్టి హారన్లు వినిపించేవి. మాస్టారు వచ్చేశారన్నమాట. మనవరాలు పిచ్చుక ఒక బూటు కాలికి తొడుక్కుని, ఇంకో బూటు చేత్తో పట్టుకుని పరుగెత్తేది. ఆ పిల్ల అసలు పేరు బడిలో తప్ప ఎవరికీ గుర్తుండదు. నిద్రలో కూడా కబుర్లు చెబుతుందని తాతయ్య పెట్టిన పిచ్చుక పేరే ఖాయమైపోయింది. మాస్టారి కూతురు వెనకాలే వెళ్ళి, నీళ్ళ సీసా కారు కిటికీలోంచి అందించి, అట్నుంచటే పనికి పోయేది. రక్తపరీక్షల ల్యాబులో ఆమెకి పని. పరగడుపున వచ్చినవాళ్ళంతా ఆమె వచ్చి తలుపు తీసేదాకా చిరాగ్గా నిలబడి ఉంటారు. భర్త ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చి మంచం మీద వాలతాడు. పిల్లని బడికి దింపే పని మాస్టారు నెత్తినేసుకోబట్టే ఆ ఇంట్లో పొద్దున్నలు సాఫీగా గడుస్తున్నాయి.

హారనుకి బదులు ఫోను మోగింది. అవతల తల్లి.

"మీ నాన్నకి జలుబు చేసిందే. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇవాళ పిల్లని నువ్వే దింపుకో."

వెనకనుంచి మాస్టారి గొంతు గట్టిగా వినిపించింది. "జలుబూ లేదు గిలుబూ లేదు! తాళాలు ఎక్కడ పెట్టిందో అడుగు మీ అమ్మని!"

ఫోను టక్కున ఆగిపోయింది. వాళ్ళిద్దరి మధ్యా ఇలాంటివి మామూలే కాబట్టి కూతురు నవ్వుకుని, ల్యాబుకి ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి, తన చిన్న కారు తీసింది. పిచ్చుక తిన్నగా వచ్చి ముందు సీట్లో ఎక్కబోయింది.

"ముందెక్కడికే? వెనక."

"తాతయ్య ముందే కూర్చోమంటాడు."

"చాల్లే కోతలు. పిల్లల్ని ముందు కూర్చోబెడితే తాతయ్య నడిరోడ్డు మీదే కారాపి తిట్టేవాడు, తెలుసా?"

పిచ్చుక మూతి ముడుచుకుని వెనకెక్కింది. కానీ సీటుకి ఆనుకోలేదు. రెండు సీట్ల మధ్యనుంచి మెడ ముందుకి చాచి, కళ్ళు రోడ్డుకి అతికించి కూర్చుంది. సందు దాటగానే మొదలుపెట్టింది.

"పాల వ్యాను ఆగి ఉంది. సైకిలాయన వస్తున్నాడు, నెమ్మది... వెళ్ళిపోయాడు, పోవచ్చు. సిగ్నలు ఎరుపు. ఎరుపమ్మా! ఆగు!"

"కనబడుతోందే బాబూ, నాకూ కళ్ళున్నాయి" అని కూతురు పకపకా నవ్వింది. "ఎవరు నేర్పారే ఈ పాట?"

"తాతయ్య. ఇది మా ఆట. నేను చెప్తాను, తాతయ్య నడుపుతాడు."

"చెప్పకపోతే?"

నిద్రలో కూడా ఆగని నోరు ఆగింది. సిగ్నలు ఆకుపచ్చకి మారింది. అది కూడా చెప్పలేదు పిల్ల.

"ఒకసారి మర్చిపోయాను" అంది చాలాసేపటికి. "కిటికీలోంచి కుక్కపిల్లని చూస్తున్నా. అప్పుడే బడి గేటు దగ్గర పూలకుండీ పగిలింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు తాతయ్య. అది నా తప్పేగా అమ్మా?"

కూతురు అద్దంలో పిల్ల మొహం చూసింది. ఆ వయసు పిల్లలకి ఉండకూడని జాగ్రత్త ఉంది ఆ మొహంలో. కనురెప్ప వేస్తే ఏదో జరిగిపోతుందన్నట్టు చూస్తోంది.

"నా కాళ్ళు అందితే ఆ రెండో బ్రేకు కూడా నన్నే వెయ్యమన్నాడు తాతయ్య. ఇంకా అందట్లేదు" అంది పిచ్చుక, అదొక్కటే తన లోపమన్నట్టు.

మాస్టారంటే పలకా బలపం మాస్టారు కాదు. కారు నేర్పే మాస్టారు. ఆ ఊళ్ళో సగంమంది ఆయన పక్కన కూర్చునే స్టీరింగు పట్టడం నేర్చుకున్నారు. ఆయన కారుకి రెండు బ్రేకులు. నడిపేవాళ్ళ కాలి కింద ఒకటి, పక్కన కూర్చునే ఆయన కాలి కింద ఒకటి. అందుకే ఊరంతా ఆయన్ని బ్రేకు మాస్టారనేవాళ్ళు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆయనకి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవారు కూడా.

ఆయన పద్ధతే వేరు. మొదటి రోజు ఎవరినీ స్టీరింగు ముట్టుకోనిచ్చేవారు కాదు. కారు తన ఇంటి గేటు ముందే నిలిపి, ఇంజను ఆపి, నేర్చుకునేవాణ్ణి నడిపే సీట్లో కూర్చోబెట్టి, "ముందు ఏం కనబడుతోందో పైకి చెప్పు" అనేవారు. రోడ్డు, అనేవాడు వాడు. "రోడ్డుందని గుడ్డివాడికీ తెలుసు. రోడ్డు మీద ఏముందో చెప్పు" అనేవారు ఈయన. అలా చెప్పీ చెప్పీ వాడి నోరెండిపోయాక, రేపు రమ్మని పంపేసేవారు. డబ్బులు దండగని గొణుక్కుంటూ పోయినవాళ్ళే, ఏళ్ళ తర్వాత కనబడితే ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పనిచేసేవాళ్ళు.

కూతురికి ఆ మొదటి పాఠం నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంటుంది. వాన వెలిసిన సాయంకాలం. కారు సీట్ల రెగ్జిను వాసన, నాన్న చొక్కా మీది సబ్బు వాసన. ఎదురుగా దర్జీ కొట్టు, దాని నీలం బోర్డు, మలుపులో ఎర్ర పోస్టు డబ్బా. అన్నీ చెప్పింది. చివర, "ఒక బంతి దొర్లుకుంటూ వస్తోంది" అంది.

"బంతి కనబడితే?"

"ఆగాలి."

"బంతి కోసమా?"

"దాని వెనకాల వచ్చే పిల్లాడి కోసం."

నాన్న ఆమె నెత్తి మీద చెయ్యి వేసి, "అనుమానం వస్తే ఆగాలమ్మడూ. అనుమానం మనది, ప్రాణం ఎదుటివాళ్ళది" అన్నారు. ఆయన నోటినుంచి అంతకంటే మెత్తటి మాట ఆమె ఎరగదు. అది పట్టుకునే ఇన్నేళ్ళూ బండి నడిపింది, ఆ మాటకొస్తే సంసారమూ నడిపింది.

అదే మనిషి తన ప్రాణస్నేహితుడు మందుల షాపాయనకి చూపు మందగించినప్పుడు, నలుగురిలో ఆయన చేతిలోంచి కారు తాళాలు లాగేసుకున్నారు. "కళ్ళు తగ్గాక దిగడానికి సిగ్గేమిటోయ్? ఎక్కడానికి ఉండాలి సిగ్గు" అన్నారు. షాపాయన ఆ తర్వాత చాలాకాలం ఈయనతో మాట్లాడలేదు. ఈయన లెక్కచెయ్యనూ లేదు.

పిల్లని బడిలో దింపి, గేటు పక్కన కొత్త కుండీ చూసి, కూతురు కారులోనే కూర్చుండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమె మనసు చేసిన మొదటి పని భయపడడం కాదు. సర్దుకోవడం. పిల్లలు కోతలు కోస్తారు, నాన్న సరదాకి ఆడించి ఉంటాడు, కుండీ ఎవరికైనా తగలొచ్చు. అలా వరసగా మూడు మెత్తటి సాకులు వాటంతటవే వచ్చి ఒళ్ళో కూర్చున్నాయి. వాటి వెనకాల, ఇన్నాళ్ళూ పక్కకి నెట్టినవన్నీ ఒక్కొక్కటే తలెత్తాయి. కారు తలుపు మీద గీత పడితే గేటు వంకరపోయిందన్నారు నాన్న. ముందు లైటు పగిలితే ఎవడో తాగుబోతు గుద్దేశాడన్నారు. పేపరువాడు సిరా తగ్గించేశాడు, బల్బులు మునపటిలా వెలగట్లేదు, రోడ్డు మీద గీతలు గీసేవాళ్ళు రంగులో నీళ్ళు కలిపేస్తున్నారు. ఒక మనిషి కళ్ళు బాగుండడం కోసం లోకం మొత్తం పాడైపోవలసి వచ్చింది. ఈమేమో అన్నిటికీ "అవును నాన్నా" అంది.

చేతిబ్రేకు తియ్యకుండా బండి నడిపితే కాలిన వాసన వస్తుందని మాస్టారు నేర్పేవారు. నమ్మేదొకటి, చేసేదొకటి అయినప్పుడు మనిషిలోంచీ అలాంటి వాసనే వస్తుంది కాబోలు. చిక్కేమిటంటే, బండి ఆపకుండా పోతూ ఉంటే ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది. కూతురు కళ్ళు తుడుచుకుని కారుని పుట్టింటి వైపు తిప్పింది.

వంటింట్లో తల్లి గిన్నెలు తోముతోంది. ఊరంతా మాస్టారమ్మ అని పిలిచే మనిషి. కూతురు మొహం చూడగానే కుళాయి కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"తెలిసిపోయిందా?" అంది మెల్లగా.

"నీకెప్పటినుంచి తెలుసమ్మా?"

మాస్టారమ్మ పీట లాక్కుని కూర్చుంది. కంటి డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళొచ్చారట. చూపు నడిమధ్యలో మచ్చ పడిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది నిలబెట్టుకోవాలంటే మందులు వాడాలనీ, బండి మాత్రం ముట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడట.

"నాన్న ఏమన్నారు?"

"ఆ డాక్టరు మీ నాన్న దగ్గరే కారు నేర్చుకున్నాడు. ఈయన పెట్టిన పరీక్షలో రెండుసార్లు తప్పాడు. అందుకని పగబట్టి చెప్పాడన్నారు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు కూతురికి. "నువ్వు నమ్మావా?"

"నమ్ముతానుటే? కానీ ఆయన తాళాలు తీసుకుంటే కాదనే నోరు రాలేదు. పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే అన్నీ చెప్పేదాన్ని. అదిగో ఎర్ర లైటు ఎంత ముద్దుగా ఉందో చూశారా, అనేదాన్ని. ఆయన ఆపేవారు. ఆయనకి తెలుసు, నాకు తెలుసు. పైకి మాత్రం నేనొక వాగుడుకాయని, ఆయనొక మాస్టారు."

"మరి పిల్లని పంపేటప్పుడు?"

మాస్టారమ్మ తల దించుకుంది. "నా మోకాళ్ళు పట్టేసినప్పటినుంచి రోజూ ఎక్కలేకపోతున్నాను. పిల్ల చురుకైంది కదా, కళ్ళు చక్కగా ఉన్నాయి కదా అని..." మాట సగంలో ఆగింది. పైకి అనేసరికి ఆ మాట ఎలా ఉందో ఆవిడకే వినిపించింది. "రాత్రి నిద్ర పట్టలేదే. పొద్దున లేచి తాళాలు పప్పుల డబ్బాలో పడేశాను. అంతకంటే ధైర్యం చెయ్యలేకపోయాను."

"దాచితే దాచావు గానీ, పప్పుల డబ్బాలోనా?" అంటూ మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. మెడకి మఫ్లరు లేదు, ముక్కు ఎర్రగా ఉంది. జలుబు మాత్రం నిజమే. "ఏమ్మడూ, ల్యాబు మానేసి తల్లీకూతుళ్ళు నా మీద పంచాయితీ పెట్టారా?"

కొన్నాళ్ళుగా ఆయన ఎవరితో మాట్లాడినా మొహం కాస్త పక్కకి తిప్పి మాట్లాడుతున్నారు. తనవైపు సూటిగా చూడకపోవడం కూతురి మనసులో ఎప్పటినుంచో గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ ఇంకాస్త గుచ్చుకుంది.

"నాన్నా, పిచ్చుక నాకు అంతా చెప్పింది."

"ఏం చెప్పింది? ఆట సంగతేగా? చూపు పదునెక్కాలని నేర్పుతున్నాను. నీకు నేర్పలేదూ?"

"నాకు నేర్పినప్పుడు ఇంజను ఆపేసి నేర్పారు!"

ఆ గొంతుకి మాస్టారమ్మ ఉలిక్కిపడి లేచింది. మాస్టారు కూడా ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నారు. "ఆ దారి నేను కళ్ళు మూసుకుని పోతాను. ఎన్నివేల సార్లు పోయాను! ఇవాళ కొత్తగా నువ్వు నాకు బండి నేర్పుతావా?"

"కళ్ళు మూసుకునే పోతున్నారు నాన్నా. నా బాధ అదే."

"నోటికెంతొస్తే అంత అనకు! ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్కడికి గోరంత దెబ్బ తగిలిందా? అడుగు ఊళ్ళో! అయినా నువ్వు పొద్దున్నే పరుగెత్తాలి, మీ ఆయన పడుకోవాలి, పిల్లని దింపడానికి మాత్రం ఈ గుడ్డిమాస్టారు పనికొచ్చాడు ఇన్నాళ్ళూ!"

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. కూతురు పప్పుల డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టి వెతికి, తాళాలు దులిపి, ఆయన చేతిలో పెట్టింది.

"రండి. మీ మొదటి పాఠమే. మీ కారులోనే. నెగ్గితే రేపటినుంచి పిల్లని మీరే దింపండి. నేను నోరెత్తను."

మాస్టారు తాళాలు గుప్పిట్లో బిగించి, మొహం పక్కకి తిప్పి ఆమెని కాసేపు చూశారు. చెప్పులేసుకున్నారు.

పాత కారు గేటు ముందే ఉంది. ఆయన నడిపే సీట్లో కూర్చున్నారు. కూతురు పక్కసీట్లో కూర్చుంది, కాళ్ళ దగ్గర రెండో బ్రేకు అరిగి మెరుస్తోంది. ఇంజను ఆపే ఉంది. కారులో అదే రెగ్జిను వాసన. ఇద్దరూ తారుమారుగా కూర్చున్నారు గానీ, మిగతాదంతా ఆ వాన వెలిసిన సాయంకాలంలాగే ఉంది.

"ముందు ఏం కనబడుతోందో పైకి చెప్పండి" అంది.

మాస్టారు స్టీరింగు మీద చేతులు వేశారు. వేళ్ళు అలవాటైన చోట కుదురుకున్నాయి. గొంతులో పాత బింకం వచ్చేసింది.

"ఈ పక్క దర్జీ కొట్టు. నీలం బోర్డు. అరుగు మీద గళ్ళచొక్కా ముసలాయన, చేతిలో పేపరు. పక్కన ఆకుపచ్చ గేటు, దాని దిమ్మ మీద తెల్లపిల్లి పడుకుంటుంది, హారను కొట్టినా లేవదు. ఆ పక్క మేడ మీద బట్టలారేసి ఉంటాయి. మలుపులో ఎర్ర పోస్టు డబ్బా. డబ్బా వెనకనుంచి పిల్లలు పరుగెత్తుకొస్తారు, అక్కడ కాలు బ్రేకు మీదే ఉంచాలి..."

కూతురు వింటూ ఉండిపోయింది. దర్జీ కొట్టు తీసేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి చాలాకాలమైంది. ఆ పసుప్పచ్చ షట్టరు కళ్ళు పొడిచినట్టు ఎదురుగా ఉంది. గళ్ళచొక్కా తాతగారు పోయారు. తెల్లపిల్లి ఎప్పుడో పోయింది. పోస్టు డబ్బా పీకేసినచోట సిమెంటు మచ్చ మిగిలింది. ఆయన చెబుతున్నది ఆమెకి పద్దెనిమిదేళ్ళప్పటి వీధి. పొల్లు పోకుండా, ఒక్క కిటికీ కూడా మర్చిపోకుండా చెబుతున్నారు. వింటుంటే ఆమెకి కూడా ఆ నీలం బోర్డు కనబడసాగింది. ఆయన అలా చెబుతూ ఉంటే బాగుండుననీ, తను ఇంకేమీ అడక్కుండా ఊరుకుంటే బాగుండుననీ అనిపించింది. ఒక్క మాట, 'నెగ్గారు నాన్నా' అంటే చాలు, రేపు పొద్దున మళ్ళీ రెండు పొట్టి హారన్లు మోగుతాయి.

అప్పుడే మాస్టారమ్మ ఇంట్లోంచి వచ్చింది. భర్తకి చలేస్తుందని మఫ్లరు తెచ్చింది. కారు ముందునుంచి తిరిగి ఆయన కిటికీ వైపు వెళ్ళబోతూ, ఆయన గొంతు వినబడి, రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. సరిగ్గా బానెట్టుకి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, మఫ్లరు రెండు చేతుల్తో గుండెకి పట్టుకుని నిలబడింది.

కూతురు తల్లినే చూస్తూ అడిగింది.

"ముందు, నాన్నా? ఎదురుగా?"

"ఎదురుగా ఏముంది? ఖాళీ" అన్నారు మాస్టారు ధీమాగా. "రోడ్డు నున్నగా ఖాళీగా ఉంది. బండి తీసుకుపోవచ్చు."

జవాబు తల్లి దగ్గరనుంచి వచ్చింది.

"నేనున్నానండీ" అంది మాస్టారమ్మ.

మాస్టారి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయి గట్టిగా నొక్కేసింది. కదలని కారుకి అంత గట్టిగా బ్రేకు వెయ్యడం కూతురు ఎన్నడూ చూడలేదు. ఆయన మొహం అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి చూపు అంచులో ఎక్కడో భార్య దొరికింది కాబోలు, అలాగే మెడ పక్కకి పెట్టి ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయారు. తర్వాత తాళాలు తీసి కూతురి ఒళ్ళో పెట్టారు.

"ఖాళీగానే కనబడిందమ్మడూ" అన్నారు. అది ఎవరూ ఎప్పుడూ వినని గొంతు. "మచ్చ అంటే అక్కడ నల్లగా ఉంటుందనుకుంటారు. ఉండదు. చుట్టూ ఉన్న రోడ్డే అక్కడా ఉన్నట్టుంటుంది. కన్నే నింపేసుకుంటుంది. అందుకే నేను కూడా... ఏమీ కాలేదనే అనుకున్నాను."

"డాక్టరు చెప్పాడు కదా నాన్నా?"

"చెప్పాడు. నేను వాణ్ణి పరీక్ష తప్పించిన రోజులు గుర్తుచేసుకుని వచ్చేశాను. మందుల షాపువాడి తాళాలు లాక్కున్నవాణ్ణి, నా తాళాలు ఎవరికివ్వను? ఇచ్చేస్తే మర్నాటినుంచి నేనెవణ్ణి?" మఫ్లరు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చిన భార్య చెయ్యి తడిమి పట్టుకున్నారు. "ఇదిగో, దీన్ని రోడ్డు చేసేశాను. పిల్ల ఏమందసలు?"

చెప్పక తప్పలేదు. "కుండీ పగిలింది తన తప్పేనా అని అడిగింది."

మాస్టారు స్టీరింగు మీద తల ఆన్చేశారు. నొక్కుడుకి హారను ఒక్కసారి కుయ్యిమంది. ఆయన ఉలిక్కిపడి లేచి, భార్య చేతిలోని మఫ్లరులో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మాస్టారమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన వీపు నిమురుతూ నిలబడింది.

"మీరొక్కరే కాదు నాన్నా" అంది కూతురు, తన కళ్ళు కూడా తుడుచుకుంటూ. "గీతలు నేను చూడలేదా? చూశాను. ల్యాబులో రోజూ అందరికీ చెబుతాను, ముందే పరీక్ష చేయించుకోండీ, దాచుకోకండీ అని. మీ దగ్గర మాత్రం అడగలేదు. అడిగితే నా పొద్దున్నలు ఆగిపోతాయని. నాకోసమే గుడ్డిదాన్నయ్యాను."

ఆయన మొహం పక్కకి తిప్పి ఆమెని చూశారు. ఈసారి కూతురు ఉండబట్టలేక అడిగేసింది. "అలా చూస్తారేం నాన్నా? కొన్నాళ్ళుగా నా మొహం చూడ్డమే మానేశారు."

"పిచ్చిదానా" అన్నారాయన. "సూటిగా చూస్తే నువ్వు కనబడవే. పక్కనుంచి చూస్తే కాస్త దొరుకుతావు. నీ మొహం కోసమే అలా తిప్పుతున్నాను."

ఆమె ఆయన భుజం మీద తల పెట్టేసింది. చాలాసేపటికి ముగ్గురి ముక్కులూ ఎర్రబడ్డాక, జలుబు ఎవరిదో తెలియకుండా పోయాక, మాస్టారు కారు తలుపు నిమిరి, "అమ్మేద్దాం దీన్ని" అన్నారు.

"ఎందుకూ?" అంది మాస్టారమ్మ.

"ఎవరు నడపాలి?"

ఆవిడ మఫ్లరు ఆయన మెడకి చుట్టి, కొసలు లోపలికి దోపి, తీరిగ్గా అంది. "పెళ్ళైన కొత్తలో నేర్పమని అడిగాను. నీకెందుకోయ్, నేనున్నానుగా, అన్నారు. ఊరంతటికీ నేర్పారు. ఇప్పుడు నేర్పండి."

"ఈ మోకాళ్ళతోనా?"

"ఎక్కలేను గానీ, ఎక్కాక కూర్చోగలను. అయినా మొదటి పాఠం నాకు రానిదా? ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాగా మీకు."

మర్నాటినుంచి బడికి నడకే. మాస్టారు పిచ్చుక చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళేవారు, నడిచేందుకు ఆ చూపు చాలు. మొదటి రోజే గేటు దగ్గర ఆగి, బడి తోటమాలిని పిలిచి, మనవరాలి ఎదుటే, "ఆ కుండీ నేను పగలగొట్టాను. తప్పు నాది, ఈ పిల్లది కాదు" అని చెప్పారు. తర్వాత మందుల షాపుకి వెళ్ళారు. అక్కడ వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, కంటి మందులు మాత్రం అప్పటినుంచి వేళకి పడుతున్నాయి.

సాయంత్రాలు కూతురు కారుని ఊరి చివరికి తీసుకెళ్ళేది, అక్కడ గోడౌన్ల వెనక ఖాళీస్థలంలో మాస్టారమ్మకి పాఠాలు. మాస్టారు తన పాత సీట్లో, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునేవారు. చెవితోనే పట్టేసేవారు. "క్లచ్చి మీదినుంచి కాలు తీశావు, ఏడుస్తోంది చూడు ఇంజను" అనేవారు. "ఇంజను ఏడిస్తే వినబడుతుంది గానీ, నేనేడిస్తే ఎప్పుడు వినబడింది" అనేది ఆవిడ. లైసెన్సు పరీక్షకి వచ్చిన అధికారి ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. అంత గట్టిగా, అంత వివరంగా రోడ్డుని పైకి చెబుతూ బండి నడిపిన మనిషిని తన ఉద్యోగంలో చూడలేదని నవ్వి, మొదటిసారికే పాసు చేశాడు.

ఆ వారాంతం నలుగురూ కారెక్కారు. మాస్టారమ్మ స్టీరింగు ముందు, మాస్టారు పక్కన, వెనక సీట్లో కూతురూ పిచ్చుకా. వీధి మలుపు దాకా పిచ్చుక అలవాటుగా మెడ ముందుకి చాచింది. "అమ్మమ్మా, ఎదురుగా ఆటో..."

"నువ్వు చెప్పక్కర్లేదు తల్లీ" అన్నారు మాస్టారు వెనక్కి తిరగకుండానే. "చెప్పేపని అమ్మమ్మది. నువ్వు కిటికీలోంచి కుక్కపిల్లల్ని చూసుకో."

పిల్ల నమ్మలేనట్టు తల్లి వైపు చూసింది. తల్లి తలూపాక, వెనక్కి జారి, సీటుకి ఆనుకుంది.

ముందునుంచి మాస్టారమ్మ గొంతు నెమ్మదిగా సాగుతోంది. "ఫోన్ల కొట్టు షట్టరు పసుప్పచ్చగా ఉందండీ. అరుగు ఇంకా అలాగే ఉంది. ఆకుపచ్చ గేటుకి తెల్లరంగు వేశారు. దిమ్మ మీద పిల్లి లేదు గానీ, ఒక పిల్ల కూర్చుని జామకాయ తింటోంది. మలుపులో పోస్టు డబ్బా లేదు. అయినా నెమ్మదిగానే తిప్పుతాను లెండి."

మాస్టారు కళ్ళు మూసుకుని వింటున్నారు. నీలం బోర్డు చెరిపి పసుప్పచ్చ షట్టరు పెట్టుకుంటున్నట్టున్నారు లోపల. కాసేపటికి ఆయన కాలు రెండో బ్రేకు మీదినుంచి పక్కకి జరిగింది.

"పిచ్చుక గొంతు వినబడదేమే?" అన్నారు ఉన్నట్టుండి.

కూతురు తన ఒళ్ళోకి ఒరిగిన పిల్లని చూసింది. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు వదులుగా పడేసి ఉంది పిల్ల. ఈ కారులో ఆ పిల్ల కళ్ళు మూయడం ఇదే మొదటిసారి.

"నిద్రపోయింది నాన్నా."

మాస్టారు మొహం పక్కకి తిప్పి, చూపు అంచుతో వెనక సీటుని కాసేపు వెతికారు. తర్వాత ముందుకి తిరిగి, మఫ్లరు కొసతో కళ్ళు ఒత్తుకుని, "నెమ్మదిగా పోనివ్వు, పిల్ల లేస్తుంది" అన్నారు భార్యతో.